నీళ్ళ గీత

మొదట జడరబ్బరు వేశాను
రెండు పిడులకీ ఎనిమిది అంకెలా మెలితిప్పి.
ఒక్క పూట ఆగింది.
సాయంత్రానికి రబ్బరు ఇహిత నోట్లో ఉంది,
బీరువా నోరు తెరుచుకుని ఉంది.

తర్వాత సైకిల్ ట్యూబు ముక్క.
ఆ తర్వాత లీలామహల్ దగ్గర అంగట్లో కొన్న
తెల్ల ప్లాస్టిక్ తాళం, జిగురు బిళ్ళలది.
సన్‌మైకాతో సహా ఊడి చేతికొచ్చింది.
ఊడిన చోట ప్లైవుడ్డు
నానిన అటుకుల్లా.

తప్పు తాళానిది కాదు.
ఆ కార్తీకంలో కొండమీద కురిసిందంతా
దారి అడక్కుండా కొర్లగుంటలో మా వీధికొచ్చింది.
తెల్లవారుజామున లేచి చూస్తే
మంచం కింద చెప్పులు జంటలు విడిపోయి తిరుగుతున్నాయి.
నేను చేసిందొకటే పని:
కింది అర పైకి, పై అర ఇంకా పైకి.
రేషన్ కార్డు, ఆయన ఐటీఐ కాగితాలు,
చిట్టీ పాడుకుని కొన్న ఒక్క పట్టుచీర,
స్కానింగు రిపోర్టు.
ఐదోనెల కడుపును మాత్రం
ఏ అరలో పెట్టాలో తెలీలేదు.

నీళ్ళు పోయాయి. తలుపు ఉబ్బింది.
అప్పట్నుంచీ మూస్తే మూసుకోదు,
చెయ్యి తీస్తే మెల్లగా తనంతట తనే వస్తుంది.
ఇహిత అనుకుంటుంది
తననే పిలుస్తోందని.

పోయిన మంగళవారం చిటికెన వేలు నలిగింది.
గోరు నేరేడు పండు రంగుకి తిరిగింది.
పిల్ల ఏడుపు అరగంట.
మా అత్త రెడ్డెమ్మ తిట్లు మూడు రోజులు,
నన్ను కాదు, బీరువాని:
"నీ చెక్కలు పొయ్యిలో పెట్ట!"

మునిరత్నం ఆచారి వచ్చాడు చెవిమీద పెన్సిలుతో.
తలుపు చూడలేదు.
బీరువా భుజాన్ని ఒక్క వేలితో నెట్టి చూశాడు. ఊగింది.
"తలుపు కత యెనక చూస్తాములే మా.
ఇది మింద పడితే యేం జేస్తావ?"
అక్కడే కూలబడ్డాను.
ఇన్నాళ్ళూ నేను వేళ్ళ గురించే ఆలోచించాను.

గోడకు డ్రిల్లు పెడితే ఉప్పు రాలింది, తెల్లగా, ముగ్గుపిండిలా.
మూడుచోట్ల స్క్రూ పట్టలేదు.
నాలుగోచోట, సీలింగుకి జానెడు కింద,
నీళ్ళకు తెలియని చోట పట్టింది.
కట్టె బిరడా కొట్టి ఇనప పట్టీ బిగించి
తలుపు లోపల ఒక ఇత్తడి కొక్కెం పెట్టాడు.
వేలు దూర్చి, పైకెత్తి, అప్పుడు లాగాలి.
"బీరవాని గోడకి కట్టేసినాం. బిడ్డని దేనికి కడతావు?"
అని నవ్వి, కూలీలో యాభై తగ్గించుకున్నాడు.

ఇహిత వచ్చి నిలబడింది.
లాగింది. రాలేదు.
చెవి ఆనించి వింది.
రెండుసార్లు తట్టి, లోపలివాళ్ళు పలుకుతారని
మర్యాదగా ఆగింది.

అప్పుడు చూశాను, తలుపు మీద గోధుమరంగు గీత.
సబ్బుకీ కిరసనాయిలుకీ పోని నీళ్ళ గీత.
పిల్ల నడినెత్తి సరిగ్గా అక్కడికొచ్చింది.

నా చేతిలో మాత్రల డబ్బా, కత్తెర, కలరా ఉండలు.
కింది అర పైకి.
పై అర ఇంకా పైకి.
ఈసారి నీళ్ళు తీసే రకం కాదు.

రాత్రి చలి.
కొండగాలి కిటికీ సందులోంచి దిగుతోంది.
దుప్పటి కోసం లేచింది మా అత్త.
కొక్కెం ఆమె వేళ్ళకు లొంగలేదు.
కీళ్ళు వంగని వేళ్ళు,
నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన వేళ్ళు.
నన్ను లేపలేదు.
కొంగు కప్పుకుని మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది.

తెల్లారి అడిగితే అంది
"నాకూ తాళమేస్తిరే" అని.
నవ్వుతూనే అంది.

దుప్పటి తీసి కుర్చీమీద పెట్టాను, అందరికీ అందేలా.
కాఫీ కలిపి వచ్చేసరికి కుర్చీ ఖాళీ,
వీధి తలుపు ఓరగా ఉంది,
మేడ మెట్లలో మూడో మెట్టు మీద దుప్పటి,
దాని పైమెట్టు మీద ఇహిత,
కొత్త గోరు మొలుస్తున్న వేలు నోట్లో పెట్టుకుని.

మునిరత్నానికి మళ్ళీ ఫోన్ చేశాను.